గడప కింద ఫోను వైరు

మా ఇంట్లో ఫోను ఏ రోజు చచ్చిపోయిందో అప్పట్లో నేను గమనించలేదు. ఆ రెండు నెలలూ మా ఇంట్లో ఏది పనిచేస్తోందో, ఏది మూలన పడిందో ఎవరికీ తెలియదు. ఫ్రిజ్ వరండాలో, గ్యాసు పొయ్యి పెరటి సందులో, మంచాలు ఒకదాని మీద ఒకటి, వాటి మీద చుట్టిన పరుపులు, ఆ పరుపుల మీద వేలితో పేరు రాయగలిగినంత సిమెంటు దుమ్ము. తలంటుకుంటే జుట్టులోంచి ఇసక రాలేది. ఫోనుని ఒక ప్లాస్టిక్ సంచీలో చుట్టి హాలు గోడ అలమరాలో పెట్టాం. మోగితే తీయడం, మాట్లాడి మళ్లీ చుట్టేయడం.

సరదాకి మొదలుపెట్టిన మరమ్మతు కాదది. మా వీధిలో రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకో పొర పరిచి పోతారు. రోడ్డు లేస్తుంది, ఇల్లు లేవదు. ఇన్నేళ్లలో మేం వీధికంటే మూరెడు కిందకి దిగిపోయాం. గట్టి వాన పడితే బందరు నీళ్లన్నీ మా హాల్లోకే వచ్చేవి. అందుకని నేల ఎత్తు చేయించాలి. నేల లేపితే గుమ్మం లేపాలి. గుమ్మం ఊడదీసి చూస్తే కింది సగం చెదలు తినేసింది. కొత్త టేకు గుమ్మం చేయించాం. ఒక పని లాగితే ఇంకో నాలుగు పనులు వెనకే వచ్చాయి. చివరికి నాకు ఏ పని చూసినా కోపం కూడా రాని స్థితి వచ్చింది. అలసట అంత ముదిరిపోయింది.

ఇది మా నాన్నగారి ఇల్లు. నాకు తొమ్మిదేళ్లప్పుడు అమ్మ పోయింది. అప్పటికే భర్తను పోగొట్టుకున్న మా పిన్ని, అమ్మకి సొంత చెల్లెలు, చంకలో పిల్లాడితో వచ్చి ఈ ఇంట్లో ఇరవై ఏళ్లు ఉంది. నాకు జడలు వేసింది, కాలేజీకి క్యారేజీ కట్టింది, నా పెళ్లి చేసింది. ఆ చంకలో పిల్లాడు పెద్దవాడై అవనిగడ్డలో మాస్టారయ్యాక వాడి దగ్గరికి వెళ్లింది. తర్వాత నీటికాసులు వచ్చి ఆవిడ రెండు కళ్లూ పోయాయి. సెల్‌ఫోను ఆవిడ చేతికి అద్దం ముక్క, ఎక్కడ నొక్కాలో తెలియదు. అందుకని వాళ్లింట్లో బొత్తాల ఫోను ఒకటి ఉంచారు. ఐదో అంకె మీద చిన్న బొడిపె ఉంటుంది కదా, దాన్ని పట్టుకుని అటూ ఇటూ తడుముకుంటూ ఒకే ఒక్క నంబరు చేస్తుంది. ఈ ఇంటిది. కళ్లున్నప్పుడు వేళ్లకి పట్టిన నంబరు. ఊళ్లో అందరూ ఇంటి ఫోన్లు తీసేయించుకున్నా మేం ఉంచుకున్నది అందుకే.

మధ్యాహ్నం మూడైతే మోగాల్సిందే. మరమ్మతు రోజుల్లో ఆ ఫోను నాకు ఒక శిక్షలా ఉండేది. ఒకపక్క మేస్త్రీ "అమ్మా, వాలు ఎటు ఇమ్మంటారు?" అంటాడు. ఇంకోపక్క పిన్ని గుమ్మం గురించి ఉపన్యాసం. గుమ్మం ఎత్తే ముందు రోజు మరీ ఎక్కువైంది.

"గడప గుంటలో నవధాన్యాలు రాత్రే నానబెట్టు. పసుపు నీళ్లు, వెండి బిళ్ల, ఉద్ధరిణెడు పాలు. ముందు పాలు, తర్వాత బిళ్ల. రాసుకుంటున్నావా?"

"రాసుకోవడానికి ఇంట్లో కాగితం ఎక్కడుందో తెలిస్తే కదా పిన్నీ. చెదలు రాకుండా మందు కొట్టించాను, అది చాలు."

"మందు మందే, శాస్త్రం శాస్త్రమే. నే చెప్పినట్టు చెయ్యి. ఆ గుమ్మం ముందు ఎన్ని ముగ్గులు పెట్టానే నేను."

"ఇల్లు నాది, గుమ్మం నాది, నేను చూసుకుంటాను. పనుంది, ఫోను పెట్టెయ్యి."

పెట్టేసింది. ఎప్పుడూ "సరేలే, ఉంటా" అనేది. ఆ రోజు అదీ లేదు.

తిరిగి చేసి రెండు మాటలు అంటే సరిపోయేది. చెయ్యలేదు. రాత్రి మాత్రం నవధాన్యాలు నానబెట్టాను. తెల్లారి తొమ్మిదిన్నరకి ముహూర్తం. పంతులుగారు వర్జ్యం వచ్చేస్తోందని తొందరపెడుతుంటే, పిన్ని చెప్పినవన్నీ పిన్ని చెప్పిన వరసలోనే వేశాను. ఉద్ధరిణెడు పాలు చాలవనిపించింది. రెండు గ్లాసులు పోశాను, చిక్కటి గేదెపాలు. మా ఆయన "గుమ్మం ఎత్తుతున్నావా, పాయసం వండుతున్నావా?" అన్నారు. నాకు నచ్చని శాస్త్రాన్ని అంత నిష్ఠగా చేయడం అదే మొదలు.

ఆ తర్వాత ఫోను మోగలేదు. మూడు దాటింది, నాలుగు దాటింది. అలిగింది, అలగనీ అనుకున్నాను. రెండో రోజూ అంతే. నిజం చెప్పాలంటే కాస్త హాయిగానే ఉంది. మూడింటికి కాసేపు నడుం వాల్చే వీలు దొరికింది. వారం దాటాక ఆ హాయి పోయింది. మూడవుతూనే అలమరా వైపు చూసేదాన్ని. ఆవిడే చెయ్యాలి కానీ నేనెందుకు చెయ్యాలి అనుకుంటూ టైల్సు కడిగేదాన్ని. ఇంత జరుగుతున్నా ఒక్కసారైనా ఆ సంచీ విప్పి ఫోను చెవి దగ్గర పెట్టుకోవాలని తోచలేదు.

పన్నెండో రోజు అవనిగడ్డ నుంచి మా మరదలు, పిన్ని కోడలు, నా సెల్‌కి చేసింది.

"వదినా, మీరేమీ అనుకోనంటే ఒక మాట. అత్తయ్యతో మాట్లాడకూడదని ఏమైనా పట్టుబట్టారా?"

"నేనా? ఆవిడే చెయ్యడం మానేసింది."

"అయ్యో, మానెయ్యడమేంటి వదినా! మొన్నటిదాకా రోజూ మూడింటికి చేస్తూనే ఉన్నారు. రింగవుతోంది, మీరు ఎత్తట్లేదు. కట్టయ్యే దాకా అలాగే చెవి దగ్గర పెట్టుకుని కూచుంటున్నారు. రెండు రోజుల్నుంచి ఫోను దగ్గరికే వెళ్లట్లేదు. అన్నం కూడా నాలుగు ముద్దలు తిని లేచేస్తున్నారు."

అలమరా దగ్గరికి పరిగెత్తి సంచీ విప్పాను. రిసీవరు చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు లేదు. రాయి.

"మా ఫోను చచ్చింది. ఒకసారి పిన్నికియ్యి."

మరదలు ఇవ్వబోవడం, వెనకనుంచి పిన్ని గొంతు, రెండూ వినిపించాయి. "పాడైతే మోగుతుందా? శుభ్రంగా మోగుతోంది. నా చెవుల్తో విన్నాను. కళ్లు పోయినంత మాత్రాన చెవులు కూడా పోయాయనుకుంటోందా? నే చేస్తే ఎత్తనిదాంతో నాకేం మాటలు? సెల్లులో ఎక్కణ్ణుంచైనా మాట్లాడొచ్చు, అది ఇంటి ఫోను ఎత్తినట్టు కాదు. వద్దని చెప్పు."

నేను ఎవరితోనైనా వాదించగలను కానీ, ఆవిడ మాటలో తప్పెక్కడుందో నాకే కనపడలేదు. పాడైన ఫోను ఎలా మోగుతుంది? పైగా ఫోను పాడైందని చెప్పడం ఎంత పాత అబద్ధమో ఇద్దరికీ తెలుసు. ఇష్టంలేని చుట్టాలకి ఆవిడే నా చేత ఎన్నిసార్లు చెప్పించిందో.

మా ఆయన "బస్సెక్కి వెళ్లిరా, గంటన్నర ప్రయాణం" అన్నారు.

"వెళ్లి ఏం చెప్పమంటారు? మోగుతున్న ఫోను మోగలేదని చెప్పనా?"

ముందు ఫోను బాగవ్వాలి. పక్కింట్లో వాడకుండా పడేసిన ఫోను తెచ్చి తగిలించి చూశాం. లాభం లేదు. తప్పు ఫోనుది కాదు. టెలిఫోను ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి బయట గోడకున్న డబ్బా విప్పి చూసి, "ఇక్కడిదాకా లైను బ్రహ్మాండంగా ఉందండీ. లోపల వైరింగు మీదే" అని వెళ్లిపోయారు. వైరింగు చేసిన ఎలక్ట్రీషియన్ నాగాయలంకలో పని ఒప్పుకున్నాడు. ఎప్పుడు ఫోను చేసినా "ఎల్లుండి వస్తానమ్మా" అంటాడు. గోడలో బిగించిన ఫోను పెట్టె నేనే విప్పాను. రెండు తీగలు, దుమ్ము, వాటి మీదుగా చీమల బారు. చీమలు గోడలోకి ఎందుకు వెళ్తున్నాయా అని ఒక్క క్షణం అనుకున్నాను. ఆ ఇంట్లో ఆశ్చర్యపడే ఓపిక ఎవరికి ఉంది? మూత బిగించేశాను.

చివరికి మా ఆయనకి తెలిసిన రిటైరైన లైన్‌మన్ ఒకాయన గుడివాడ నుంచి పొద్దున రైలుకి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. భుజానికి గుడ్డ సంచీ, అందులో రెండు క్లిప్పులున్న పాత టెస్టు ఫోను. కాఫీ ఇస్తే నిలబడే తాగి బయట డబ్బా దగ్గర క్లిప్పులు పెట్టి విన్నారు. తలూపారు. లోపలికొచ్చి గోడ పెట్టె దగ్గర విన్నారు. తల అడ్డంగా ఊపారు.

"బయట ఉంది, లోపల లేదు. మధ్యలో ఎక్కడో పోయింది. వైరు ఎటునుంచి తెచ్చారమ్మా?"

"కిందనుంచి బాబాయిగారూ."

"కిందనుంచంటే?"

"గడప కిందనుంచి."

ఆయన కళ్లజోడు తీసి నావైపు చూశారు. "ఫోను వైరు గడప కిందనుంచి తెచ్చిన మహానుభావుడెవరమ్మా?"

మా ఆయన చూరువైపు చూడ్డం మొదలుపెట్టారు.

"మీరటు చూడక్కర్లేదు," అన్నాను. "నేనే తెమ్మన్నాను. ఎలక్ట్రీషియన్ పైనుంచి లాగుదామన్నాడు. కొత్త టేకు గుమ్మం మీద బట్టలారేసే తాడులా వైరేమిటని దెబ్బలాడి కిందనుంచి వేయించాను."

"దెబ్బలాడితే కరెంటు వింటుందేమో కానీ ఫోను వినదమ్మా," అంటూ ఆయన గోడ పెట్టెలోంచి వచ్చే వైరు పట్టుకుని మెల్లగా లాగారు. గడప కింద గట్టిగా బిగుసుకుని ఉండాల్సిన వైరు, లాగినకొద్దీ బావిలోంచి తాడులా వచ్చేసింది. రెండు బారలు వచ్చి కొస బయటపడింది. కొసన చుట్టిన నల్లటేపు ఊడి వేలాడుతోంది. తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది. టేపుకి రెండు పెసలు అంటుకుని ఉన్నాయి, మొలకలొచ్చి వాడిపోయినవి.

ఆయన ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఇదేంటమ్మా, పులిసిన పెరుగు వాసన?"

నాకు చీమలు గుర్తొచ్చాయి.

మేస్త్రీని పిలిచాను. అతను తల గోక్కుంటూ అంతా చెప్పాడు. నేల ఎత్తు పెంచడంతో పాత వైరు చాలక కొత్త ముక్క కలిపారు. ఆ అతుకు సరిగ్గా గడప గుంటలో పడింది. ఇటు పైపు ఉంది, అటు పైపు ఉంది, మధ్యలో జానెడు చోటు ఖాళీ. ఆ ముక్క వేసేలోపలే పంతులుగారు తొందరపెట్టారు. ముహూర్తం అయ్యాక వేద్దామనుకున్నారు. గుమ్మం నిలబెట్టాక ఇంకేం వేస్తారు?

"మీరు పాలు పోశారు కదమ్మా. అది తడిసింది. పైన మేం గడ్డపారతో కూరాం. అదీ కాస్త తగిలుంటది."

"అప్పుడే చెప్పొచ్చు కదా!"

"మీరు మంత్రాల్లో ఉన్నారు. మంత్రం మధ్యలో పైపు ముక్క అంటే బాగుంటదా అమ్మా?"

కొట్టాలనిపించింది. కానీ చేతులు లేవలేదు. వాదించడానికి కూడా ఒంట్లో ఏదో ఒకటి మిగలాలి. లైన్‌మన్‌గారిని మాత్రం అసలు సంగతి అడిగాను. "బాబాయిగారూ, వైరు ఇలా తెగిపోయి ఉంటే, మాకు చేసినవాళ్లకి రింగు ఎలా వినపడింది?"

"తెగితే రింగే వినపడుద్దమ్మా. అవతలివాళ్లు వినే రింగు మీ ఫోను చప్పుడు కాదు. ఎక్స్ఛేంజీ వినిపిస్తది. మీ లైను ఖాళీగా ఉంటే చాలు, అది వినిపిస్తానే ఉంటది. రెండు తీగలూ ఒకదానికొకటి అంటుకుంటే ఎంగేజి వచ్చేది. మీది ఊడిపోయింది. వాళ్లకి శుభ్రంగా మోగుద్ది. ఇక్కడ పిట్ట కూడా పలకదు."

టైల్సు పెట్టె మీద కూలబడ్డాను. పది రోజులు. ఆవిడ చెవిలో మోగుతుంటే, మోగుతున్నంతసేపూ ఆవిడకి ఏం కనిపించి ఉంటుందో నాకు తెలుసు. నేను హాల్లో ఈ అలమరా ఎదురుగా నిలబడి, ఫోను వైపు చూస్తూ ఎత్తకుండా ఉన్నట్టు. ఆ రోజు నేనన్న మాటల తర్వాత ఇంకేం కనిపిస్తుంది?

"గడప లేపి పైపు వెయ్యి," అన్నాను మేస్త్రీతో.

అతను రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎత్తిన గుమ్మం దించకూడదమ్మా. అది నేను చెయ్యను. ఇంకొకణ్ణి పెట్టుకోండి. ఆడూ చెయ్యడు."

"సింటెక్సు ట్యాంకు మూడుసార్లు ఎక్కించి దించావు, దానికి లేదా శాస్త్రం?"

"ట్యాంకుకి పసుపు రాశామా అమ్మా?"

లైన్‌మన్‌గారు నవ్వారు. మా ఆయన నవ్వబోయి నన్ను చూసి ఆపుకున్నారు. మేస్త్రీ చెయ్యనన్నందుకు లోపల నాకూ నిమ్మళంగానే ఉంది. గడప లేపించానని పిన్నికి తెలిస్తే ఆవిడ దృష్టిలో ఫోను ఎత్తకపోవడం దాని ముందు చిన్న తప్పయ్యేది.

"పైనుంచి లాగేయండి బాబాయిగారూ," అన్నాను.

"టేకు గుమ్మం మీదనుంచా?"

"టేకు గుమ్మం మీదనుంచే."

ఆయన నిచ్చెన ఎక్కి, గుమ్మం నెత్తి మీదుగా తెల్లటి వైరు పరిచి, జానెడుకో క్లిప్పు చొప్పున కొట్టారు. ఒక్కో దెబ్బా నాకు వినపడుతూనే ఉంది. పాలిషింగుకి నేను పదిహేను రోజులు వెంటపడ్డ చెక్క అది. అరగంటలో పని అయిపోయింది. రిసీవరు ఎత్తితే గుయ్‌మంటూ ఆ పాత చప్పుడు. ఎన్నేళ్లుగానో విన్న చప్పుడే, విసుక్కుంటూ విన్నదే.

అవనిగడ్డకి నేనే చేశాను. మరదలు ఎత్తి, "అత్తయ్యా, ఇంటి ఫోనే. నంబరు పడింది. వదినే" అంది. రిసీవరు చేతులు మారిన చప్పుడు. తర్వాత పిన్ని ఊపిరి పీల్చుకోవడం.

"పిన్నీ, వైరు తెగింది. తెగితే నీకు మోగినట్టే వినపడుతుందిట. గుంటలో పాలు పోశాను, అతుకు తడిసి ఊడిపోయింది. అబద్ధమనుకుంటే లైన్‌మన్‌గారు ఇక్కడే ఉన్నారు, అడుగు." అని ఆయన చేతికిచ్చాను.

ఆయన అవనిగడ్డకి కేక వేస్తున్నట్టు మాట్లాడారు. "నమస్కారం అమ్మా! గుడివాడండీ మాది! ఆ, ముప్పై ఏళ్లు ఇదే పనండీ! అవునండీ, తెగితే అటు మోగుద్దండీ, ఇటు మోగదండీ! ఆ? ఎన్ని పాలా?" నావైపు తిరిగారు. నేను రెండు వేళ్లు చూపించాను. "రెండు గ్లాసులంటమ్మా!" కాసేపు విని, రిసీవరు నాకు తిరిగిచ్చి, "మీతో మాట్లాడతారంట" అన్నారు గొంతు తగ్గించి.

"రెండు గ్లాసులు ఎవరు పొయ్యమన్నారే నిన్ను?" ఇన్ని రోజుల తర్వాత పిన్ని మొదటి మాట అది. "ఉద్ధరిణెడు అన్నానా, గ్లాసులన్నానా? చెప్పింది చెప్పినట్టు చెయ్యడం నీకు పుట్టుకతోనే రాదు."

"రాదు." ఒప్పుకున్నాను. "ఇల్లు నాదన్నాను చూడు, ఆ మాట అనకుండా ఉండాల్సింది పిన్నీ."

"ఇల్లు నీదే. ఎవరు కాదన్నారు? నాకెందుకు ఇల్లు." ఆవిడ గొంతు ఒక్కసారి నీరసంగా అయిపోయింది. "ఫోను పెట్టెయ్యమన్నావు. పెట్టేశాను. మర్నాటి నుంచి ఎత్తలేదు. నాకు వచ్చిన నంబరు అదొక్కటే కదే."

రిసీవరు అలాగే పట్టుకున్నాను. చివరికి ఆవిడే "సరే, గుమ్మం ఏం చెక్క వేయించావు? కమ్మీలు ఎంత లావు? గడప మీద పసుపు రాస్తున్నావా, లేక టేకు రంగు పోతుందని మానేశావా?" అని మొదలుపెట్టింది. వైరు పైనుంచి వచ్చిందని చెప్తే, "ఎలక్ట్రీషియన్ చెప్పినప్పుడే విని ఉంటే పోయేదిగా" అంది. తర్వాత ఇన్ని రోజులూ తను చెప్పాలనుకున్నవన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రోజు పక్కింటి వాళ్ల పాపకి జ్వరం, రెండో రోజు ఏటి గట్టు మీద రోడ్డు పని, మూడో రోజు కోడలు చేసిన చింతచిగురు పప్పులో ఉప్పెక్కువ.

లైన్‌మన్‌గారికి రైలు వేళైంది. మా ఆయన స్కూటరు తాళాలు చూపించి స్టేషన్‌లో దింపి వస్తానని సైగ చేశారు. ఆయన గుడ్డ సంచీ భుజాన వేసుకుని నాకు దణ్ణం పెట్టారు. నేను టైల్సు పెట్టె మీద కూర్చునే ఒక చెయ్యి నుదుటికి ఆనించాను. చెవి వేడెక్కిపోయింది, నడుం లాగేస్తోంది, పెయింటరు వచ్చి "అమ్మా, ఈ గోడ ఖాళీ చేస్తారా?" అని రెండుసార్లు అడిగి వెళ్లాడు.

పిన్ని ఇంకా నాలుగో రోజు దగ్గరే ఉంది.